నివురుగప్పిన వెస్టర్న్‌లు నాలుగు: ముందు ఏది చూడాలి?

మా బావమరిది గుంటూరులో ఉంటాడు. సినిమా పిచ్చోడు. ఒక ఆదివారం నేను చెప్పానని ‘ది పవర్ ఆఫ్ ది డాగ్’ పెట్టుకున్నాడు. గంటయ్యేసరికి ఫోన్. “బావా, టోపీలున్నాయి, గుర్రాలున్నాయి, కొండలున్నాయి. తుపాకీ ఎప్పుడు పేలుద్ది?” పేలదురా అన్నాను. “మరి కౌబాయ్ సినిమా అన్నావే!” అని పెట్టేశాడు.

తప్పు నాదే. సినిమా చెప్పేముందు మనిషిని, వేళని చూసుకోవాలి. వాడు చూస్తున్నది ఫోన్లో. పక్కన ఇద్దరు పిల్లలు, మధ్యమధ్యలో వాట్సాప్. ఆ సినిమాకు ఆ పరిస్థితి అస్సలు పనికిరాదు. అదే రోజు ఇంకో వెస్టర్న్ చెప్పి ఉంటే చివరిదాకా కూర్చునేవాడేమో. ఇలాంటి సినిమాలన్నిటినీ ‘స్లో’ అని ఒకే గాటన కట్టేస్తాం గానీ, టెన్షన్‌ని ఒక్కొక్కటి ఒక్కో చోట దాస్తుంది. ఒకదాంట్లో అది చేతుల్లో ఉంటుంది, ఒకదాంట్లో ముఖంలో, ఇంకోదాంట్లో ఫ్రేమ్ బయట, మరోదాంట్లో సగం సగం వినబడే మాటల్లో. ఎక్కడ వెతకాలో ముందే తెలిస్తే ఏది మీకు సరిపోతుందో తేల్చుకోవచ్చు. కథల చివర్లు చెప్పను, ధైర్యంగా చదవండి.

మనవాళ్లకు వెస్టర్న్ అనగానే గుర్తొచ్చేది 1971లో కృష్ణ గారు చేసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’. నిధి, ఎడారి, గుర్రాల మీద ఛేజింగ్‌లు. 2002లో మహేశ్ బాబు ‘టక్కరి దొంగ’ కూడా ఆ దారిలోదే. విచిత్రమేమిటంటే, ఇక్కడ కృష్ణ గారు టోపీ పెట్టిన ఆ 1971లోనే అమెరికాలో రాబర్ట్ ఆల్ట్‌మన్ తన హీరోని తీసుకెళ్లి బురదలో నిలబెట్టాడు. తనలో తాను గొణుక్కునే, బేరం చేతగాని హీరో. నేను చెప్పబోయే నాలుగూ ఆ రెండో దారివి.

ఇంకో మాట చెప్పి మొదలుపెడతాను. మన దగ్గర ‘ల్యాగ్’ అంటాం కదా. ల్యాగ్ అంటే ఏం జరగబోతోందో మనకు తెలిసిపోయి, ఆ సంగతి సినిమాకు ఇంకా తెలియకపోవడం. హీరోయిన్ ఒప్పుకుంటుందని తెలుసు, పాట ఉందనీ తెలుసు, అయినా ఇంకో పావుగంట లాగుతారు. నివురుగప్పిన సినిమాలో అంతా తిరగబడుతుంది. కళ్లముందే ఏదో జరిగిపోతూ ఉంటుంది, జరిగిందని మనకు ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే రెండోసారి చూస్తే అదే సినిమా పరుగెత్తినట్టు ఉంటుంది.

చేతులు చూడాల్సిన సినిమా

‘ది పవర్ ఆఫ్ ది డాగ్’ 2021లో జేన్ క్యాంపియన్ తీసింది. దీనికే ఆమెకు ఉత్తమ దర్శకురాలిగా ఆస్కార్ వచ్చింది. థామస్ సావేజ్ 1967లో రాసిన నవల దీనికి ఆధారం. కథ 1925 నాటి మోంటానాలో జరుగుతుంది గానీ, షూటింగ్ న్యూజిలాండ్ దక్షిణ దీవిలో. ఫిల్, జార్జ్ అన్నదమ్ములు, పెద్ద పశువుల రాంచ్ నడుపుతుంటారు. తమ్ముడు జార్జ్, రోజ్ అనే వితంతువుని పెళ్లి చేసుకుని ఇంటికి తెస్తాడు. ఫిల్‌కి అది గిట్టదు. ఆమె కొడుకు పీటర్, కాగితాలతో పూలు చేసే బక్కపలచటి కుర్రాడు, సెలవులకి వస్తాడు. వాళ్లు నలుగురూ ఆ చీకటి ఇంట్లో ఉండటమే కథ.

పియానో సీన్ ఒక్కటి చెబుతాను. జార్జ్ పెళ్లాం కోసం ముచ్చటపడి పియానో కొంటాడు. గవర్నర్ భోజనానికి వస్తున్నాడు, ఆయన ముందు వాయించాలి. రోజ్‌కి వచ్చింది అంతంతమాత్రం. ఇంట్లో ఎవరూ లేరనుకుని ‘రాడెట్జ్కీ మార్చ్’ సాధన చేస్తుంటుంది. ఒకచోట తప్పుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు మేడ మీంచి బాంజో, గిటార్ లాంటి తీగల వాయిద్యం. అదే ట్యూన్. ఆమె ఆపితే అదీ ఆగుతుంది. ఆమె మొదలుపెడితే అదీ మొదలవుతుంది. ఆమె తప్పిన చోటు దాటి, తడబాటు లేకుండా చివరిదాకా వాయించేస్తాడు ఫిల్. ఒక్క మాట లేదు. పైన సగం తెరిచిన తలుపు, కింద పియానో మెట్ల మీద ఆగిపోయిన వేళ్లు. మన సినిమాలో అయితే ఇంటర్వెల్ ముందు మరదలి మీద బావ చెయ్యెత్తేవాడు, వెనక బీజీఎం హోరెత్తేది. ఇక్కడ అంతకంటే పెద్ద దెబ్బే పడింది, ఇల్లు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత సినిమాలో ఎక్కడో ఫిల్ ఆ ట్యూన్ ఈలగా వేస్తాడు చూడండి, ఆ ఈల చాలు.

సినిమా అంతా ఇలాగే చేతుల మీద నడుస్తుంది. పూలు చేసే చేతులు, తోలు పేలికలతో తాడు పేనే చేతులు, సిగరెట్ చుట్టే చేతులు. ఫిల్‌గా చేసిన బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ బాంజో నేర్చుకున్నాడు. ఫిల్టర్ లేని చుట్టుడు సిగరెట్లు టేకు మీద టేకు తాగి, మూడుసార్లు నికోటిన్ విషమెక్కి పడ్డానని ఆయనే చెప్పాడు. నేను మాత్రం మీకు ఒకటే చెబుతాను. ఎవరు ఎప్పుడు గ్లవ్స్ వేసుకున్నారో, ఎవరు వేసుకోలేదో గమనించండి. ఇంతకుమించి నోరు విప్పను.

ఎదురుగా ఉన్న కొండ మీద ఫిల్‌కి నోరు తెరిచి మొరిగే కుక్క ఆకారం కనిపిస్తుంది. అతని పనివాళ్లు ఎంత చూసినా వాళ్లకు కనిపించదు. నాకూ మొదటిసారి కనిపించలేదు. వీడియో ఆపి, తెర దగ్గరకెళ్లి మరీ చూశాను. ఆ తర్వాత ఇక అది తప్ప కొండ కనబడలేదు. ఎదురుగా ఉన్నదాన్ని ఎవరు చూడగలరు, ఎవరు చూడలేరు అన్నదే ఇందులో అసలు లెక్క, మనల్ని కూడా కలుపుకుని. జానీ గ్రీన్‌వుడ్ సంగీతంలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. బాంజో మీటినట్టుగా సెల్లోని (పెద్ద వయొలిన్ లాంటిది) మీటాడు. తెలిసిన వాయిద్యమే, కానీ చెవికి ఎక్కడో తేడా కొడుతుంది.

ఒక లోటు కూడా చెప్పాలి. రెండో సగంలో జార్జ్ దాదాపు మాయమైపోతాడు. జెస్సీ ప్లెమన్స్ అంత బాగా చేసిన పాత్రని అలా వదిలేయడం నాకు మింగుడు పడలేదు. పెళ్లాం కళ్లముందే తాగుడుకు బానిసవుతుంటే ఆ మనిషి ఏమనుకుంటున్నాడు?

నిడివి రెండు గంటల పైచిలుకు. నెట్‌ఫ్లిక్స్ సొంత సినిమా, కాబట్టి వెతుక్కునే పని లేదు. రాత్రి ఒంటరిగా, టీవీలో, ఫోన్ ఇంకో గదిలో పెట్టి చూడాల్సిన రకం. అమ్మానాన్నలతో వద్దు, కొంత నగ్నత్వం ఉంది. కోడెల వృషణాలు కోసే సీన్ కూడా ఉంది.

అభిమాని కథ

‘ది అసాసినేషన్ ఆఫ్ జెస్సీ జేమ్స్ బై ది కౌవర్డ్ రాబర్ట్ ఫోర్డ్’. పేరు చదివేసరికే కథ అయిపోయింది. ఎవరు చస్తారో, ఎవరు చంపుతారో, చంపినవాణ్ణి లోకం ఏమని పిలిచిందో (కౌవర్డ్, అంటే పిరికిపంద) అన్నీ టైటిల్లోనే ఉన్నాయి. 2007లో ఆండ్రూ డొమినిక్ తీశాడు. రాన్ హాన్సెన్ నవల ఆధారం. నిడివి 160 నిమిషాలు. జెస్సీ జేమ్స్ చరిత్రలో నిజంగా ఉన్న దొంగ. 1882 ఏప్రిల్ 3న మిస్సోరీలో, తను ఉంటున్న ఇంట్లోనే, గోడ మీది పటం సర్దుతుండగా బాబ్ ఫోర్డ్ వెనకనుంచి కాల్చాడు.

చివర తెలిసిపోయాక ఇక చూడటానికేముంది అంటారా? ముఖం ఉంది. ఇరవై నిండని బాబ్‌గా కేసీ ఆఫ్లెక్ ముఖం. బాబ్ చిన్నప్పటి నుంచి జెస్సీ మీద వచ్చిన చవక పుస్తకాలు మంచం కింద పెట్టెలో దాచుకున్నవాడు. ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గర, తనకూ జెస్సీకీ ఉన్న పోలికలన్నీ లెక్కపెట్టి చెబుతాడు. మీ కళ్లు నీలం, నా కళ్లూ నీలం. మీ ఎత్తెంతో నా ఎత్తూ అంతే. అన్నదమ్ముల్లో ఇద్దరమూ చివరివాళ్లమే. చెబుతున్నంతసేపూ సంబరపడిపోతుంటాడు. జెస్సీ విని, తాపీగా వేరే కథ ఎత్తుకుని వాడి గాలి తీసేస్తాడు. బల్ల చుట్టూ నవ్వులు. బాబ్ కూడా నవ్వబోయి ఆగిపోతాడు. హత్య నిజానికి ఆ బల్ల దగ్గరే మొదలైందని నా అనుమానం.

ఇది మనవాళ్లకు అర్థం కావాలంటే కౌబాయ్‌ల గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఫ్లెక్సీలు, కటౌట్లు, పాలాభిషేకాల మధ్య పెరిగినవాళ్లం. దేవుడనుకున్నవాడు ఎదురుపడి మామూలు మనిషిగా, పైగా చిరాకు మనిషిగా తేలితే అభిమానికి లోపల ఏం విరుగుతుందో మనకు ఒకరు చెప్పాలా? మా బావమరిదికి ముందు చెప్పాల్సింది ఇదే. తర్వాత చెప్పాను, పూర్తిగా చూశాడు కూడా. బ్రాడ్ పిట్ ఉండటం కొంత సాయపడిందనుకోండి. జెస్సీగా ఆయనకు వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది.

కెమెరా రోజర్ డీకిన్స్. కొన్ని షాట్లలో ఫ్రేమ్ అంచులు మసకగా, సాగినట్టు ఉంటాయి, అల్బమ్‌లో పాతబడిన ఫొటోలా. దానికోసం ప్రత్యేకంగా లెన్సులు మార్పించుకున్నాడు. రైలు దోపిడీ సీన్ చీకట్లో మొదలవుతుంది. చెట్ల మధ్య ముసుగు మనుషులు, దూరంగా ఇంజన్ దీపం, ఆ వెలుగు ఒక్కొక్కరి మీదా పాకుతూ పోతుంది. ఇలాంటి సినిమాలకు అలవాటు లేనివాళ్లను లోపలికి లాగేది ఆ సీనే. వెనక ఒక గొంతు కథ చెబుతూ ఉంటుంది. కొంతమందికి ఆ వ్యాఖ్యానం ఎక్కువనిపిస్తుంది. నాకు మాత్రం హరికథలో దాసుగారు పక్కన నిలబడి చెబుతున్నట్టు బాగానే ఉంది. రెండు గంటల నలభై నిమిషాలు భారమనుకుంటే రెండు రాత్రులు పెట్టుకోండి. వాతావరణంతో నడిచే సినిమా కాబట్టి మధ్యలో ఆపినా పెద్ద నష్టం లేదు.

ఫ్రేమ్ బయట ఏముందో

నా ఓటు మాత్రం ‘మీక్స్ కటాఫ్’కి. ఇలా అన్నందుకు తిట్టినవాళ్లు ఉన్నారు. కెల్లీ రైకార్ట్ 2010లో తీసింది. కథ 1845 నాటిది. ఆరెగాన్‌కి బళ్ల మీద వలసపోతున్న మూడు కుటుంబాలు, దారి చూపిస్తానని వచ్చిన స్టీఫెన్ మీక్ అనే గైడు, దారి తప్పడం, నీళ్లు అయిపోతుండటం. ఆ పేరుగల గైడు నిజంగానే ఆ ఏడాది ఒక పెద్ద బళ్ల వరసను ఆ ఎడారిలోకి తీసుకెళ్లాడు. సినిమా దాన్ని మూడు బళ్లకు కుదించింది.

పెట్టగానే మీ టీవీ పాడైందనుకుంటారు. బొమ్మ చతురస్రానికి దగ్గరగా, పాత దూరదర్శన్ తెరలా ఉంటుంది, రెండు పక్కలా నలుపు. వెస్టర్న్ అంటేనే విశాలమైన మైదానాలు, వెడల్పు తెర కదా! ఆ వెడల్పునే కత్తిరించేసింది దర్శకురాలు. ఆడవాళ్లు తలకు కట్టుకున్న బోనెట్ టోపీలకు గుర్రం కళ్లగంతల్లా రెండు వైపులా అంచులుంటాయి, ఎదురుగా ఉన్నదే కనబడుతుంది. ఆ తెర ఆకారం వాళ్ల చూపు. పైగా వెడల్పు తెరైతే రేపు చేరబోయే చోటు ఇవాళే కనబడిపోతుంది. ఇక్కడ కొండ అవతల ఏముందో వాళ్లకు తెలియదు, మనకూ తెలియదు.

ధ్వని కూడా అంతే. ఎటు పోవాలో మగవాళ్లు దూరంగా చేరి మాట్లాడుకుంటుంటారు. మనకు ముక్కలు ముక్కలుగా వినబడుతుంది, ఎందుకంటే కెమెరా ఆడవాళ్ల దగ్గర ఉంది. తర్వాత వాళ్లకు చిక్కిన కయూస్ అనే అక్కడి ఆదివాసీ తెగ మనిషి తన భాషలో మాట్లాడతాడు, సబ్‌టైటిల్ వేయరు. నీళ్ల దగ్గరికి తీసుకెళ్తున్నాడా, చావు దగ్గరికా? గైడు మీక్‌ని నమ్మాలా, ఇతన్ని నమ్మాలా?

మిషెల్ విలియమ్స్ తుపాకీ పేల్చే సీన్ ఒకటుంది. కొత్త మనిషి కనబడ్డాడని మిగతావాళ్లకు తెలియాలి. బండి దగ్గరికి పరుగెత్తి తుపాకీ తీసి గాల్లోకి పేలుస్తుంది. ఇంకో గుండు పేల్చాలంటే మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో కూరాలి. ఆ పనంతా ఉన్నదున్నట్టు చూపిస్తారు. ఎక్కడా కట్ చేసి తొందరపెట్టరు. రెండు పేలుళ్ల మధ్య ఆ కాసేపట్లో ఆమెకు ఎంత భయమో మన అరచేతుల్లో తెలుస్తుంది. మామూలు కౌబాయ్ సినిమాలో ఆ టైంలో పన్నెండు మంది పడిపోయేవాళ్లు.

నిడివి గంటా నలభై అయిదు నిమిషాల లోపే. నాలుగింట్లో చిన్నది ఇదే, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగలిగింది కూడా ఇదే. కానీ రాత్రి సీన్లు లాంతరు వెలుగులో తీశారు. పట్టపగలు కిటికీ తెరిచి చూస్తే మీ మొహమే కనబడుతుంది తెరలో. ఇక ముగింపు. మా బావమరిది చూసి, “రెండో భాగం ఎప్పుడు బావా?” అని అడిగాడు. అన్నీ తేలిపోవాలి అనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు.

గొణుగుడు

1971లో ఆల్ట్‌మన్ హీరోని బురదలో నిలబెట్టాడన్నానే, ఆ సినిమా ‘మెకేబ్ అండ్ మిసెస్ మిల్లర్’. దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని వినాలి తప్ప వర్ణించలేం. గనుల ఊళ్లో వేశ్యాగృహం పెట్టుకున్న జూదరి మెకేబ్‌గా వారెన్ బేటీ, వ్యాపారం అతనికంటే బాగా తెలిసిన మిసెస్ మిల్లర్‌గా జూలీ క్రిస్టీ. పెద్ద కంపెనీ వచ్చి కొంటామంటుంది. మెకేబ్ బేరం పెంచుతాడు. ఎవరితో బేరమాడుతున్నాడో అతనికి తెలియదు. ఊరిని కెనడాలో వాంకూవర్ దగ్గర నిజంగానే కడుతూ తీశారు. కథ ముందుకు పోతుంటే వెనక ఇళ్లు లేస్తుంటాయి. కెమెరామన్ విల్మోస్ జిగ్మండ్ నెగెటివ్‌కి ముందే కొద్దిగా వెలుగు తగిలించి రంగులు పలచబడేలా చేశాడు, అందుకే బొమ్మంతా పొగలో ఉన్నట్టుంటుంది. అయిదుగురు ఒకేసారి మాట్లాడుతుంటారు, ఎవరిది వినాలో మన ఇష్టం. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేకుండా చూడకండి, నేను మొదటిసారి అలా చూసి సగం కథ వదిలేసుకున్నాను. మధ్యమధ్యలో లెనర్డ్ కోహెన్ పాటలు. చలికాలం రాత్రి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే దీని మజా తెలుస్తుంది.

‘దేర్ విల్ బి బ్లడ్’ ఎందుకు లేదని అడుగుతారు. మొదటి పావుగంట దాదాపు మాటే లేకుండా నడిచే సినిమా, గొప్పదే. కానీ అది నివురుగప్పిన రకం కాదు. అందులో మంట మొదటి నుంచీ పైకే లేస్తుంది. పైగా అది చమురు కథ.

షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్న కుర్రాళ్లు నన్ను అడిగితే ముందు ‘మీక్స్ కటాఫ్’ చూడమంటాను. డీకిన్స్ లెన్సులు మీకు అద్దెకు దొరకవు. ఆల్ట్‌మన్‌లా ఊరు కట్టలేరు. కానీ కెమెరా ఎవరి పక్కన ఉండాలి, ఎవరి మాట సగమే వినబడాలి అని తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. రెండోది పియానో సీన్. ఒకరు ఒక పని చేస్తుంటారు, ఇంకొకరు అదే పని ఇంకా బాగా చేస్తారు. ఇద్దరు నటులు, ఒక ఇల్లు, రెండు వాయిద్యాలు, సున్నా డైలాగులు. వీణ, వేణువు పెట్టి మీ ఇంట్లోనే తీయొచ్చు.

చూడటానికి మాత్రమే అయితే, అలవాటు లేనివాళ్లు జెస్సీ జేమ్స్‌తో మొదలుపెట్టి, ‘పవర్ ఆఫ్ ది డాగ్’కి వచ్చి, మిగతా రెండూ తర్వాత చూడండి. నచ్చకపోతే ఎప్పుడు కట్టేయాలో కూడా చెబుతాను, ఎవరి టైం వాళ్లకు విలువైనదే. జెస్సీ జేమ్స్‌లో రైలు దోపిడీ అయ్యేదాకా ఆగండి. ‘పవర్ ఆఫ్ ది డాగ్’లో మేడ మీద బాంజో మోగేదాకా. ‘మీక్స్ కటాఫ్’లో ఆ కయూస్ మనిషి చిక్కేదాకా. మెకేబ్‌లో అయితే, మిసెస్ మిల్లర్ ఊళ్లో దిగి, వేపిన గుడ్లు ఆవురావురుమని తింటూ, నోట్లో ముద్ద ఉండగానే మెకేబ్‌కి వ్యాపారం నేర్పే సీన్ దాకా ఓపిక పట్టండి. ఆమె ప్లేటు ఖాళీ అయ్యేసరికి మీకు ఆమె మీద మనసు పడకపోతే, కట్టేసి పడుకోండి.